అత్తయ్య కూర్చోగలిగిన బండి

(బెంగళూరు మారతహళ్లి దగ్గర ఒక అపార్ట్‌మెంట్‌లో తెలుగు కుటుంబాలు ఆదివారం కలుసుకున్నప్పుడు చేసిన ప్రసంగం పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరసకు వినిపిస్తోందా అక్కా? సరే.

నేను బడిలో లెక్కలు చెబుతాను, కార్ల గురించి చదువుకున్నదాన్ని కాదు. 2025 నవంబర్‌లో మా ఇంటికి కొత్త బండి వచ్చింది, దానికోసం నాలుగు నెలలు తిరిగాం, ఆ తిరుగుడులో తెలిసిన సంగతులు మా బ్లాకులో రెండు కుటుంబాలకు పనికొచ్చాయి కాబట్టి అందరికీ ఒకసారి చెప్పమని సంఘం వాళ్లు అడిగారు. ఏ బండి కొన్నామో మాత్రం చెప్పను. దాచుకోవడానికి కాదు, మీ ఇంట్లో నడుములు వేరు, మోకాళ్లు వేరు, మా బండి మీకు సరిపోతుందని నేను ఎలా చెప్పగలను?

ముందు పాత బండి సంగతి చెప్పాలి. అది 2017 డిసెంబర్ చివరి వారంలో కొన్నాం. సేల్స్ అబ్బాయి అరవై ఐదు వేలు తగ్గిస్తామన్నాడు, ఈ నెలాఖరు వరకే అన్నాడు, స్టాకులో రెండే బండ్లు ఉన్నాయి రేపటికి ఉండవన్నాడు. మేం షోరూంలో ఏసీ కింద ఒక ఐదు నిమిషాలు కూర్చున్నాం, మెత్తగా ఉంది, బాగుంది అనుకున్నాం, చుట్టుపక్కల సాఫీ రోడ్డు మీద ఒక రౌండు తిప్పాడు, బుక్ చేసేశాం. అప్పుడు అత్తయ్య, మామయ్య కదిరిలోనే ఉండేవాళ్లు, వాళ్లను అడగాలన్న ఆలోచన కూడా రాలేదు.

2019లో అత్తయ్యకు మోకాలి ఆపరేషన్ అయ్యింది, ఇద్దరూ మా దగ్గరికి వచ్చేశారు. అప్పుడు తెలిసింది ఆ బండి ఏమిటో. వెనక సీటు కిందికి ఉంది. ఆవిడ ఎక్కాలంటే తలుపు పైభాగం పట్టుకుని వెనక్కి పడినట్టు కూలబడాలి, దిగాలంటే మా ఆయన రెండు చేతులూ పట్టుకుని లాగాలి. కూర్చున్నాక మోకాళ్లు పైకి లేచి ఉంటాయి, తొడల కింద ఏమీ ఆనదు, ఒంటి బరువంతా పిరుదుల మీదే. చిక్కబళ్లాపురం దాకా ఏమీ అనేది కాదు, బాగేపల్లి వచ్చేసరికి ఒక్కసారి ఆపు నాయనా అనేది. ఒకసారి మా ఆడపడుచు కూతురి పెళ్లి చూపులకు అందరం బయల్దేరుతుంటే, మీరు పోయి రండి, నేను ఇంట్లో ఉంటాను, నాకు అక్కడ పనేముంది అంది. ఆవిడకు అక్కడ పని లేకపోవడమేమిటి, మొదటి మనవరాలు! నొప్పికి భయపడి అలా అందని నాకు మూడు రోజుల తర్వాత అర్థమైంది. మిగిల్చిన అరవై ఐదు వేలు ఏం చేశామో ఇప్పుడు మా ఇద్దరికీ గుర్తు లేదు, ఆ రోజు ఆవిడ గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపడం గుర్తుంది.

అందుకని ఈసారి వరస మార్చాం. ముందు సీటు తేలాలి, ఆ తర్వాతే ధర ఊసు. బేరం ఇవాళ కుదరకపోతే రేపు ఇంకో షోరూంలో కుదురుతుంది. కంపెనీ పోసిన సీటును మాత్రం కొన్నాక మీరు గానీ నేను గానీ ఏమీ చేయలేం. దిండ్లు పెట్టి చూశాం, నడుముకు కొంత నయం, తొడలకు ఏమీ కాలేదు.

సీటు చూడటం అంటే వేలితో నొక్కి చూడటం కాదండీ. లోపల ఉండేది ఫోమ్. మరీ మెత్తటి ఫోమ్ మొదటి పది నిమిషాలు పరుపులా ఉంటుంది, గంట దాటితే బరువుకు అణిగిపోయి కింద గట్టిగా తగలడం మొదలవుతుంది. కాస్త గట్టిగా అనిపించిన సీటే మూడు గంటల ప్రయాణంలో నడుమును నిలబెడుతుంది. షోరూంలో ఐదు నిమిషాల్లో ఇది తెలియదు, కనీసం నలభై నిమిషాలు కూర్చోవాలి, అదీ బండి కదులుతుండగా, అదీ వెనక సీట్లో. టెస్ట్ డ్రైవ్‌లో ఇంటి యజమాని స్టీరింగ్ పట్టుకుంటాడు, మిగతా వాళ్లు సరదాగా వెనక ఎక్కుతారు, వచ్చాక ఆయన ఒక్కడే పికప్ బాగుందనో బ్రేకు బాగుందనో చెబుతాడు. వెనక కూర్చున్న వాళ్లను ఎవరూ అడగరు. మేం ఈసారి మా ఆయన్ను కూడా వెనక కూర్చోబెట్టాం, ఆయన ఐదడుగుల పదకొండు అంగుళాలు, తల పైన జాగా ఉందో లేదో, హెడ్‌రెస్ట్ తల వెనకకు వస్తుందో మెడ దగ్గరే ఆగిపోతుందో అప్పుడే తెలిసింది. వేరియంట్ అంటే ఒకే బండిలో ధరను బట్టి ఇచ్చే రకం, కొన్ని తక్కువ ధర వేరియంట్లలో వెనక హెడ్‌రెస్ట్ పైకి కిందికి కదలదు, సీటులోనే కలిసిపోయి ఉంటుంది, పొడుగాటి వాళ్లకు అది మెడ దగ్గరే ఆగిపోతుంది, వెనక నుంచి ఎవరైనా గుద్దితే మెడకు దెబ్బ.

ఇంకొకటి, ఇది నేను ఇంట్లోనే చేశాను. అత్తయ్య రోజూ కూర్చుని లేచే కుర్చీ ఉంది కదా, దాని ఎత్తు టేపుతో కొలిచాను, నలభై ఆరు సెంటీమీటర్లు. ఆ ఎత్తు నుంచి ఆవిడ ఎవరి సాయం లేకుండా లేస్తుంది. తర్వాత ప్రతి షోరూంలో రెండు కొలతలు తీసుకున్నాను. ఒకటి బయట నేల నుంచి సీటు అంచు వరకు, అది ఎక్కడానికీ దిగడానికీ. ఇంకొకటి బండి లోపల కాలు పెట్టే చోటు నుంచి సీటు అంచు వరకు, అది కూర్చున్నాక మోకాళ్లు లేస్తాయా లేదా అని. ఈ రెండూ వేరు వేరు. బయటి నుంచి ఎత్తుగా కనిపించే బండిలో లోపల ఫ్లోరు కూడా ఎత్తుగా ఉంటే మోకాళ్లు గడ్డానికి వస్తాయి. పెట్రోలు బండినే మార్చి చేసిన కొన్ని ఎలక్ట్రిక్ బండ్లలో ఇది బాగా కనిపిస్తుంది, బ్యాటరీ కింద పరుస్తారు కాబట్టి ఫ్లోరు లేస్తుంది, సీటు మాత్రం అక్కడే ఉంటుంది. సేల్స్ వాళ్లు టేపు చూసి మొదట కొంచెం వింతగా చూశారు, పర్లేదు, కొనేది మనం.

ఏడు సీట్ల బండి చూసేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారని తెలుసు, కాబట్టి మూడో వరస గురించి కాస్త ఎక్కువ చెబుతాను. 2005లో ఇన్నోవా వచ్చినప్పటి నుంచి మన వాళ్లకు ఒక లెక్క పడిపోయింది, పెద్ద కుటుంబం అంటే అలాంటి బండి అని. దాని రెండో వరస మీద వచ్చిన పేరు ఊరికే రాలేదు. కానీ ఏ ఏడు సీట్ల బండైనా మూడో వరసలో ఎవరు కూర్చుంటారో ముందే పేర్లు పెట్టి అనుకోండి. మా ఇంట్లో అయితే మా పెద్దవాడు, తొమ్మిదేళ్లు. వాడు అక్కడికి ఎలా పోవాలి? రెండో వరస సీటు మడిచి లేపాలి, అదే వరసలో మూడేళ్ల పాపకు చైల్డ్ సీటు బిగించి ఉంటుంది, చైల్డ్ సీటు ఉన్న వైపు మడవడం కుదరదు, మరి రెండో వైపు అత్తయ్య కూర్చుని ఉంటుంది, ఆవిడను దింపి వాడిని ఎక్కించాలా? అందుకే ఇలాంటి చోట రెండో వరసలో విడివిడి కెప్టెన్ సీట్లు ఉంటే మధ్యలో నుంచి పిల్లవాడు దూరిపోతాడు. మారుతి ఎక్స్ఎల్6 లాంటి బండ్లలో అలా ఇస్తారు. కానీ కెప్టెన్ సీట్లయితే మొత్తం ఆరుగురే, ఏడో మనిషి వస్తే కష్టం. మారుతి ఎర్టిగాలో రెండో వరస ముందుకూ వెనక్కూ జరుగుతుంది, కియా కారెన్స్‌లో కొన్ని వేరియంట్లలో బటన్ నొక్కితే రెండో వరస సీటు మడుచుకుని లేస్తుంది, రెనో ట్రైబర్‌లో మూడో వరసను పూర్తిగా తీసి ఇంట్లో పెట్టేయొచ్చు. ఏది మంచిదని నేను తేల్చడం లేదు, మీ ఇంటి మనుషుల్ని అందులో ఎక్కించి దించి చూడండి. మూడు వరసలూ వేశాక డిక్కీలో ఏం మిగులుతుందో కూడా చూడండి, కదిరి నుంచి వచ్చేటప్పుడు మాకు బియ్యం మూట, వేరుశనగకాయలు, పచ్చడి జాడీలు వస్తాయి, అవి ఒళ్లో పెట్టుకుని రాలేం కదా.

డ్రైవర్ సీటు సంగతి ఒక్క మాట. ఊళ్ల ట్రాఫిక్ లెక్కలు కట్టే టామ్‌టామ్ కంపెనీ వాళ్ల 2024 లెక్కలో బెంగళూరులో పది కిలోమీటర్లకు సగటున 34 నిమిషాలు పట్టింది. ట్రాఫిక్‌కు పేరుపడ్డ సిల్క్ బోర్డు జంక్షన్ దాటి రోజూ ఆఫీసుకు పోయే వాళ్లు ఈ లెక్క వినక్కర్లేదు. అంటే నడిపే మనిషి రోజుకు రెండు మూడు గంటలు ఆ సీట్లో ఉంటాడు. సీటు ఎత్తు మార్చుకునే లివర్, ఎడమ కాలు పెట్టుకునే చోటు, ఈ రెండూ ఉన్నాయా చూడండి. మా ఇంట్లో నేనూ నడుపుతాను, నాది ఐదడుగుల రెండంగుళాలు, ఎత్తు మారని సీట్లో నాకు బానెట్ కనిపించదు.

ఇప్పుడు ధరకు వద్దాం. సీటు ఇరుకు కావడానికి కొంత కారణం పన్ను అని తెలిశాక నాకు ఆశ్చర్యం వేసింది. 2006 బడ్జెట్‌లో అప్పటి ఆర్థిక మంత్రి చిదంబరం చిన్న కార్ల మీద ఎక్సైజ్ సుంకం 24 శాతం నుంచి 16 శాతానికి తగ్గించారు. చిన్న కారు అంటే పొడవు నాలుగు మీటర్లు మించకూడదు, ఇంజన్ పెట్రోలు అయితే 1200 సీసీ, డీజిల్ అయితే 1500 సీసీ మించకూడదు. అప్పటి నుంచి కంపెనీలు బండ్లను ఆ నాలుగు మీటర్లలోకే కుదించడం మొదలుపెట్టాయి. ఆ గీత ఇప్పటికీ ఉంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఆ చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతం, పెద్ద వాటి మీద 40 శాతం. కాబట్టి నాలుగు మీటర్ల లోపు బండి మనకు చవకగా దొరుకుతుంది, నిజమే, కానీ ఇంజనూ డిక్కీ పోగా మిగిలిన జాగాలో మన కాళ్లు సర్దుకోవాలి. నలుగురు ఉన్న ఇంటికి అది మంచి బేరమే. ఆరుగురికి, అందులో ఇద్దరు పెద్దవాళ్లకు, నా లెక్కలో కాదు.

కర్ణాటకలో రోడ్డు పన్ను ఎక్కువ, ఇది మీకందరికీ తెలుసు. ఐదు నుంచి పది లక్షల వరకు 14 శాతం, పది దాటితే 17, ఇరవై దాటితే 18, దాని మీద సెస్సు వేరు. పది దాటిన దగ్గర జాగ్రత్తగా చూడండి. ధర 9,90,000 అయితే 14 శాతం చొప్పున పన్ను 1,38,600. ధర 10,10,000 అయితే 17 శాతం చొప్పున 1,71,700. ఇరవై వేల తేడాకు పన్ను 33,100 పెరిగింది. పైగా పది లక్షలు దాటితే ఒక శాతం టీసీఎస్, అంటే అమ్మేవాళ్లు మన ఇన్‌కం ట్యాక్స్ కింద ముందే వసూలు చేసే మొత్తం, కూడా కట్టించుకుంటారు, అది మాత్రం ఖర్చు కాదు, ఇన్‌కం ట్యాక్స్ రిటర్నులో వెనక్కి తీసుకోవచ్చు, చాలామంది మర్చిపోతారు. ఇదంతా ఎందుకంటే, వెనక ఏసీ వెంట్లు, కదిలే హెడ్‌రెస్ట్, సీటు ఎత్తు లివర్ ఉన్న వేరియంట్ కొన్ని బండ్లలో సరిగ్గా ఆ పది లక్షల గీత పైన పడుతుంది. అప్పుడు కింది వేరియంట్ తీసుకుని లోపల సీటు కవర్లు, కుషన్లు వేయించుకుందాం అనుకుంటాం. అలా చేయకండి, ఎందుకో చెబుతాను.

మాకు మొదటి షోరూంలో ఇచ్చిన కొటేషన్‌లో ఇరవై రెండు వేల యాక్సెసరీస్ కిట్ ఉంది, అందులో సగానికి పైగా సీటు కవర్ల ఖరీదే. ముందు సీట్లలో సైడ్ ఎయిర్‌బ్యాగులు చాలా బండ్లలో సీటు పక్క భాగంలోనే కుట్టి ఉంటాయి. దాని మీద మందపాటి రెగ్జిన్ కవరు బిగించి కుట్టేస్తే, అవసరమైన క్షణంలో అది సరిగ్గా తెరుచుకోకపోవచ్చు. ఎయిర్‌బ్యాగు చోట వదిలి కుట్టిన కవర్లు దొరుకుతాయి, అవే కావాలని అడగాలి. ఇంకో సంగతి, నాలుగు నెలలు తిరిగి, కొలిచి, నలభై నిమిషాలు కూర్చుని ఎంచుకున్న సీటు మీద మందపాటి పొర వేస్తే కూర్చునే తీరే మారిపోతుంది, గుడ్డ సీటుకు ఉన్న గాలి పోతుంది, మన అనంతపురం ఎండలో వీపు తడిసిపోతుంది. కిట్ లేకపోతే డెలివరీ లేటవుతుంది అన్నారు. కిట్ తప్పనిసరి అని మీ షోరూం కాగితం మీద రాసివ్వండి, తీసుకుంటాను అన్నాను. రాసివ్వలేదు, కిట్ తీసేశారు. అలాగే హ్యాండ్లింగ్ చార్జీలని ఆరున్నర వేలు ఉంది, దేనికని అడిగితే గోడౌన్ నుంచి తేవడానికి అన్నారు, షోరూం ధరలోనే అది ఉండాలి కదా అన్నాను, అదీ తీసేశారు. గొడవ పడలేదండీ, ఒక్కో వరస మీద వేలు పెట్టి ఇది ఏమిటి అని అడిగానంతే.

ఇన్సూరెన్స్‌లో తేడా ఇంకా పెద్దది. షోరూం వాళ్లు 58 వేలు వేశారు, అదే ఐడీవీ (బండి పూర్తిగా పోతే ఇచ్చే మొత్తం), అదే జీరో డిప్రిసియేషన్ (పార్టుల అరుగుదలకు కోత పెట్టని కవరు), అవే రైడర్లతో (అదనపు కవర్లతో) బయట 43 వేలకు వచ్చింది. ఇక్కడ ఒకటి తెలుసుకుంటే బేరం సులువు. కొత్త కారుకు థర్డ్ పార్టీ, అంటే మన బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి ఇన్సూరెన్స్, మూడేళ్లకు ఒకేసారి కట్టాలి, దాని రేటు ప్రభుత్వం నిర్ణయిస్తుంది, ఎక్కడ తీసుకున్నా ఒకటే. 2022 జూన్‌లో వచ్చిన రేటు ప్రకారం 1000 నుంచి 1500 సీసీ వరకు కారుకు మూడేళ్లకు 10,640, దాని మీద పన్ను. అంటే తేడా అంతా సొంత బండి నష్టం భాగంలో, రైడర్లలో ఉంటుంది, అడగాల్సింది అక్కడే. షోరూంలోనే ఇన్సూరెన్స్ తీసుకోవాలన్న రూలు లేదు. మేం బయటి కొటేషన్ చూపిస్తే వాళ్లే 45 వేలకు దిగారు, రెండు వేల తేడాకు వాళ్ల దగ్గరే తీసుకున్నాం, రేపు క్లెయిమ్ వస్తే అదే వర్క్‌షాప్‌లో పని సులువు అవుతుందని. 2022 సెప్టెంబర్‌లో అవుటర్ రింగ్ రోడ్డు మునిగినప్పుడు ఇక్కడ ఎన్ని బండ్లు నీళ్లలో ఉన్నాయో చూశాం కాబట్టి నీళ్లు దూరి ఇంజన్ పాడైతే పనికొచ్చే ఇంజన్ ప్రొటెక్షన్ రైడరు మాత్రం వదలకండి.

మా ఆయనకు ఒక సందేహం ఉండేది. ఈ బండే కావాలని మనం ముందే నిర్ణయించుకుంటే, మన మొహం చూసి వాళ్లకు తెలిసిపోతుంది, ఇక ఎందుకు తగ్గిస్తారు అని. సందేహం సరైనదే. కానీ బెంగళూరులో ఒకే కంపెనీ బండి అమ్మే డీలర్లు ఒక్కరు కాదు. కాబట్టి ఈ బండికీ ఆ బండికీ బేరం పెట్టక్కర్లేదు, ఒకే బండి, ఒకే వేరియంట్, ఒకే రంగు, డీలరుకూ డీలరుకూ బేరం పెట్టాలి. అత్తయ్యను తీసుకెళ్లి కూర్చోబెట్టింది ఒక చోట, ధర అడగడానికి నేనొక్కదాన్నే వెళ్లింది ఇంకో రెండు చోట్ల. మూడు కొటేషన్లు పక్కపక్కన పెట్టి, పన్నూ ఇన్సూరెన్సూ అన్నీ కలిపి చెప్పే ఆన్ రోడ్ ధర కాకుండా ఒక్కో వరసా పోల్చాను, ఎందుకంటే ఒకరు క్యాష్ తగ్గింపు ఎక్కువ చూపించి పాత బండి ధర తగ్గించారు, ఇంకొకరు పాత బండికి ఎక్కువ ఇచ్చి తగ్గింపు లేదన్నారు. పాత బండి ఇచ్చాక మన చేతి నుంచి పోయేది ఎంత, ఆ ఒక్క అంకె అడగండి. ఉచితంగా యాక్సెసరీస్ ఇస్తామంటే వద్దు, ఆ మేరకు డబ్బు తగ్గించండి అనండి, వాళ్లు చెప్పే పదిహేను వేల వస్తువు వాళ్లకు పదిహేను వేలకు రాదు.

చివరికి మూడో డీలరు దగ్గర పదకొండు వేలు తక్కువ వచ్చింది. అయినా మేం కొన్నది మొదటి డీలరు దగ్గరే. మా అత్తయ్యను రెండుసార్లు ఓపిగ్గా ఎక్కించి దించిన అమ్మాయి అక్కడుంది, మా కోసం గతుకుల రోడ్డు మీద ముప్పావుగంట తిప్పింది. ఆమెకు ఫోన్ చేసి ఈ ధర వచ్చింది, మీరు దగ్గరికి రాగలరా అని అడిగాను, ఏడు వేలు తగ్గించింది, మిగతా నాలుగు వేలు నేను పట్టించుకోలేదు. ఒకరి సమయం అంతా వాడుకుని ఇంకొకరి దగ్గర కొనడం నాకు నచ్చదు, ఇది నా అభిప్రాయం, మీరు వేరేగా అనుకోవచ్చు.

అక్కడ ఒక అన్న చెయ్యెత్తారు. ఏపీలో మా ఊరి అడ్రసు మీద రిజిస్టర్ చేయిస్తే పన్ను మిగలదా అంటున్నారు. అన్నా, వేరే రాష్ట్రం బండి ఇక్కడ పన్నెండు నెలలు దాటి ఉంటే ఇక్కడ మళ్లీ రిజిస్టర్ చేయించాలి, పన్ను కట్టాలి. మీరు ఉండేది ఇక్కడ, పిల్లల బడి ఇక్కడ. రోడ్డు మీద ఆపినప్పుడల్లా టెన్షన్ పడటం ఎందుకు, నేనైతే ఆ దారికి పోను.

ఇంకొకరు, డిసెంబర్ తగ్గింపు తీసుకోవచ్చా అని. తీసుకోవచ్చు, ఎనిమిదేళ్లు పదేళ్లు వాడేవాళ్లయితే. ఆర్సీలో తయారైన నెల, సంవత్సరం రాసి ఉంటాయి, అమ్మేటప్పుడు కొనేవాడు దాన్నే చూస్తాడు. మాకు 2017 డిసెంబర్ చివర్లో వచ్చిన బండి ఆ ఏడాది మార్చిలో తయారైంది, అది డబ్బంతా కట్టేశాక తెలిసింది. కాబట్టి పూర్తి డబ్బు కట్టకముందే చాసిస్ నంబరు అడిగి, యార్డుకు వెళ్లి, మీకిచ్చే బండినే చూడండి. సీట్లన్నీ మడిచి లేపండి, బెల్టులన్నీ లాగి చూడండి, మూడో వరసలోవి కూడా. డబ్బు డీలరు కంపెనీ ఖాతాకే పంపండి, మనిషి చేతికి వద్దు.

పిల్లలకు ఆకలవుతున్నట్టుంది, ఆపేస్తాను. అత్తయ్య మొన్న సంక్రాంతికి కదిరి దాకా ఎక్కడా ఆపమనలేదు, బాగేపల్లిలో మేమే టీకి ఆపాం, ఆవిడ దిగి ముందు నడిచింది. ఆ మూడు కొటేషన్లు, ఫోన్ నంబర్లు కొట్టేసి, బయట బల్ల మీద పెట్టాను, ఫోటోలు తీసుకోండి. టేపు కూడా అక్కడే ఉంది, కావాల్సిన వాళ్లు తీసుకెళ్లి, కొలిచాక మా ఫ్లాటులో ఇచ్చేయండి.